పల్లె జనము - గోదావరి జలము

పల్లెటూరి చరిత్ర అనగానే మనము శాసనములను, శిథిలములను వెదకుదుము. ఆ ఊరిలో ఎందరు బ్రతికిరి, ఎందువలన తగ్గిరి అను ప్రశ్నను అరుదుగా వేసికొందుము. గోదావరి డెల్టా పల్లెలను ఈ దృష్టితో చూతము.

1821లో రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 7,38,308. 1841 నాటికి అది 5,61,041కి దిగినది. ఇరువది ఏండ్లలో దాదాపు నలుగురిలో ఒకరు తగ్గిరన్నమాట. నేల సారవంతమే, నది చెంతనే పారుచుండెను. అయినను 1832-33 నాటి నందన కరవు, 1839 నాటి ఉప్పెన, పూడిపోయిన కాలువలు, రైతు మోయలేని శిస్తు పల్లెలను కుంగదీసినవి. కొందరు కూలికై కోరంగి రేవున ఓడలెక్కి సముద్రము దాటిరి.

1844లో హెన్రీ మాంట్‌గొమరీ ఈ దుస్థితిని విచారించి నివేదించెను. ఆర్థర్ కాటన్ పూనికతో ధవళేశ్వరమువద్ద 1847లో ఆనకట్ట పని మొదలై, 1852లో ముగిసెను. కాలువ పారిన ఊళ్లలో వరి పండినది. 1891లో గోదావరి జిల్లా జనసంఖ్య ఇరువది లక్షలు దాటెను. 1859లో జిల్లా ఎల్లలు మారినందున ఈ అంకెలను నేరుగా పోల్చరాదు గాని, పల్లెలు తిరిగి నిండెననుట నిజము.

అయితే నీరు వచ్చిన ఊరిలో అందరికిని పొలము రాలేదు. 2011 జనగణనమున ఉమ్మడి ఆంధ్రప్రదేశములో సొంతముగా సేద్యము చేయువారికంటె వ్యవసాయ కూలీలు రెట్టింపునకు మించి ఉండిరి. కావున పల్లె జనసంఖ్యను చదువునపుడు, అందులో భూమి గలవారెందరు అనికూడ మనము అడుగుట ఉచితము.