చీకటి గది దాకా రాని ఖగోళశాస్త్రం

ఖగోళశాస్త్రాన్ని మన ప్రాంతంలో జనంలోకి తీసుకెళ్ళిన చరిత్ర రాస్తే అందులో ఎక్కువ పేజీలు గ్రహణాలకే పోతాయి. నక్షత్రాలు పుస్తకాల్లో ఉండిపోతాయి కానీ గ్రహణం మాత్రం ప్రతి ఇంటి వంటగదిలోకీ వస్తుంది. ఊరగాయ జాడీ మీద దర్భ, పళ్ళెంలో నిలబెట్టిన రోకలి, వెలగని పొయ్యి. అందరికంటే గట్టిగా అది పట్టేది గర్భిణిని. కత్తిపీట ముట్టకూడదు, సూదీదారం పట్టకూడదు, మంచినీళ్ళు తాగకూడదు, తలుపులు మూసిన గదిలో కదలకుండా పడుకోవాలి. లేకపోతే బిడ్డ పెదవి చీలి పుడుతుందని భయం. ఆ చీలికకు తెలుగులో ఉన్న పేరే ‘గ్రహణం మొర్రి’.

సాహిత్యం చదువుకున్న దాన్ని కాబట్టి నా చూపు ముందు ఆ మాట మీదే ఆగుతుంది. అది ఒక లోపానికి పేరు మాత్రమే కాదు, తల్లి మీద ఇచ్చిన తీర్పు కూడా. పుట్టిన బిడ్డ ముఖం చూడగానే ‘గ్రహణం నాడు ఏం చేశావు?’ అని అడిగేది తల్లినే. తండ్రిని ఎవరూ ఏమీ అడగరు. నూటయాభై ఏళ్ళకు పైబడిన మన ఖగోళ ప్రచారం ఈ మాటను ఏ మేరకు కదిలించగలిగింది?

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో, ఆ వేధశాలలోనే సహాయకుడైన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో పరికరాలతో నిలబడ్డారు. తర్వాత హీలియం అని పేరు పెట్టిన మూలకం గీత ఆనాటి పరిశీలనల్లోనే కనిపించింది. రఘునాథాచారి అక్కడితో ఆగలేదు. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటే ఘటన గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా దేశభాషల్లో చిన్న పుస్తకం తెచ్చాడు. పంచాంగం లెక్కల్ని కంటికి కనిపించే ఆకాశంతో సరిపోల్చి దిద్దాలని శ్రమించాడు. గొప్ప పని, సందేహం లేదు. అయితే ఆ దిద్దుబాటు గడియారానికి సంబంధించినది. పట్టు ఎప్పుడు, విడుపు ఎప్పుడు అన్నది మరింత కచ్చితంగా తేలింది. ఆ రెండింటి మధ్య గర్భిణి ఎలా ఉండాలన్న నియమం జోలికి ఆ లెక్క పోదు.

అదే వేధశాలలో పాగ్సన్ కూతురు ఐసిస్ 1873 నుంచి గణన పని చేసింది. 1881 నుంచి మద్రాసు ప్రభుత్వానికి వాతావరణ నివేదికల బాధ్యత కూడా చూసింది. 1886లో తండ్రి ఆమె పేరును లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యత్వానికి ప్రతిపాదించాడు. సంఘం చార్టర్‌లో సభ్యుణ్ణి ‘అతడు’ అనే రాశారు కాబట్టి స్త్రీకి చోటు లేదని న్యాయవాదులు తేల్చారు. ఆ సభ్యత్వం ఆమెకు 1920లో గానీ రాలేదు. ఒకచోట ఒక సర్వనామం స్త్రీని ఆకాశానికి దూరం పెట్టింది. మరోచోట ఒక నామవాచకం ఆకాశంలో జరిగిన దానికి స్త్రీని దోషిని చేసింది.

గ్రహణమంటే నీడ అని చెబితే భయం పోతుందని మన ప్రచారకులు చాలాకాలం నమ్మారు. కానీ నీడ సంగతి 499లోనే ఆర్యభటుడు చెప్పాడు. నిమిషాలతో సహా గ్రహణ సమయం వేసే పంచాంగకర్త కూడా ఆ నీడ లెక్కే కడతాడు. అదే పేజీలో గర్భిణులు చూడరాదని రాస్తాడు. అంటే ఇక్కడ కొరత జ్ఞానానికి కాదు. స్త్రీ ఒంటి మీద ఆజ్ఞ ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం సంపూర్ణ గ్రహణం మళ్ళీ మన మీదుగా వెళ్ళింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు సూర్యుణ్ణి పరిశీలిస్తుంటే, ఊళ్ళలో వీధులు నిర్మానుష్యమయ్యాయి. జనాన్ని ఇళ్ళలో ఉంచడానికి దూరదర్శన్ సినిమా వేసింది. వడపోత లేకుండా సూర్యుణ్ణి చూస్తే కళ్ళు చెడతాయన్నది నిజమైన హెచ్చరిక. అది ‘బయటికి రావద్దు’గా మారిపోయేసరికి విజ్ఞానమూ ఆచారమూ ఒకే మాట చెప్పినట్టయింది. చీకటి గదిలోని ఆడదానికి ఆ రెంటికీ తేడా ఎలా తెలుస్తుంది?

తర్వాత వాతావరణం మారింది. 1985లో హైదరాబాద్‌లో బిర్లా ప్లానెటోరియం వచ్చింది. 1988లో పుట్టిన జనవిజ్ఞాన వేదిక బడుల్లోకి, పల్లెల్లోకి వెళ్ళింది. 1995 అక్టోబరు 24 నాటికి గ్రహణం కళ్ళద్దాలు అమ్ముడుపోయే వస్తువయ్యాయి, దూరదర్శన్ గ్రహణాన్ని ప్రత్యక్షంగా చూపింది. రోకలి ఏ రోజైనా నిలబడుతుందని కార్యకర్తలు చేసి చూపించారు, గ్రహణం వేళ అందరి ముందూ తిన్నారు. ఇవన్నీ విలువైనవే. కానీ ఈ ప్రచారం ఎక్కువగా మైదానంలో, మేడ మీద, బడి ఆవరణలో జరిగింది. అక్కడికి రాగలిగిన వాళ్ళనే ఉద్దేశించింది. గ్రహణం వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయే మనిషి ఆ గుంపులో లేదు. ఆమె తలుపు వెనక ఉంది.

ఆమెకు కావలసిన శాస్త్రం నీడ గురించి కాదు, పిండం గురించి. పై పెదవి గర్భంలో నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య కలుసుకుంటుంది. అంగిలి తొమ్మిదో వారం దాటేలోపు మూసుకుంటుంది. కడుపు పైకి కనిపించి, అత్తగారు గదిలో పడుకోబెట్టే నెలలకు ఆ పని ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. ఏడో నెలలో ఆమె కూరగాయ కోసినా, కదిలినా పెదవి చీలదు. చీలికకు కారణాలు జన్యువుల్లో, తల్లి మధుమేహంలో, పొగాకులో, మూర్ఛకు వాడే కొన్ని మందుల్లో ఉన్నాయి. చాలా సందర్భాల్లో ఒక్క కారణమంటూ తేలదు కూడా. గ్రహణమే లేని దేశంలో, లేని ఏడాదిలో కూడా ఇలాంటి పిల్లలు పుడుతూనే ఉంటారు. శస్త్రచికిత్సతో ఆ పెదవిని కలపవచ్చు. గంటల తరబడి నీళ్ళు లేకుండా ఉండడమే గర్భిణికి చెరుపు.

కాబట్టి గ్రహణానికి ముందు బడిపిల్లలకు కళ్ళద్దాలు పంచడంతో పని అయిపోదు. అంగన్‌వాడీలో గర్భిణుల సమావేశానికి అత్తలనూ భర్తలనూ పిలిచి, వారాల లెక్క బొమ్మ గీసి చెప్పాలి. రాసేవాళ్ళం, పాఠాలు చెప్పేవాళ్ళం మన వంతుగా ‘పెదవి చీలిక’ అనే మాట వాడాలి. మాట మారినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. కానీ బిడ్డకు పేరు పెట్టకముందే తల్లికి నేరం అంటగట్టే పని ఆ మాటతో ఇక జరగదు.