బయానా

తెలంగాణలో ఇంటి బేరం కుదరగానే వినిపించే మాట ‘బయానా’, అంటే బేరం ఖాయమని ముందుగా ఇచ్చే సొమ్ము. అరబ్బీలో ‘బై’ అంటే అమ్మకం. దానికి పారసీ ప్రత్యయం ‘ఆనా’ తగిలి, ఉర్దూ మీదుగా మనకు చేరింది. పాత కాగితాల్లోని ‘బైనామా’ దీనికి తోబుట్టువే. ఆంధ్ర వైపు పెద్దలు దీన్నే సంచకరువు అనేవారు. దాని మూలం సంస్కృతంలోని ‘సత్యంకారం’, అంటే ఆడిన మాటను నిజం చేసే సొమ్ము. ఇంత మంచి మాటను వదిలేసి ఇప్పుడు అంతా ‘అడ్వాన్సు’ అంటున్నాం.

లాయర్లు మాత్రం బయానాను, అడ్వాన్సును కలపరు. బయానా పూచీ లాంటిది. కొనేవాడు వెనక్కి తగ్గితే, ఒప్పందంలో షరతు ఉన్నప్పుడు, అది పోతుంది. ధరలో భాగంగా ముందే ఇచ్చిన అడ్వాన్సును అలా జప్తు చేసుకోకూడదని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. పేరొక్కటే చాలదు, షరతులూ చూస్తారు.

బయానా ఇచ్చేశాం కదా, ఇల్లు మనదేనా? కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 54వ సెక్షన్ ప్రకారం అమ్మకపు ఒప్పందంతో ఆస్తి మీద ఏ హక్కూ రాదు. రిజిస్ట్రేషన్ చేయించమని కోర్టుకెళ్లవచ్చు, అదీ మూడేళ్లలోపే. అందుకే లింకు డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు), ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) లాయరుకు చూపించాల్సింది బయానాకు ముందు. చాలామంది తర్వాత చూపిస్తారు! బిల్డర్లయితే, రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కింద, రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు.