సూతికా జ్వరము: వియన్నా నేర్పిన పాఠము

ప్రసవము స్త్రీకి పునర్జన్మయని మన పెద్దలు చెప్పుదురు. బిడ్డ భూమిమీద పడినంతనే గండము గడచినట్లు కాదని వారెరుగుదురు. పురుటి దినములలో బాలింతకు చలితో జ్వరము వచ్చుట, పొత్తికడుపు నొచ్చుట, స్రావము దుర్వాసన కొట్టుట, కొలది దినములలోనే ప్రాణము పోవుట అన్ని దేశములవారును ఎరిగిన దుఃఖమే. దీనినే వైద్యులు సూతికా జ్వరమనిరి. ఇది ఎట్లు సంక్రమించునో కనుగొనుట ఒక యెత్తు; కనుగొన్న సత్యమును లోకముచే ఒప్పించుట మరియొక యెత్తు.

స్కాట్లండులోని ఆబర్డీను పట్టణమున 1789 మొదలు 1792 వరకు ఈ జ్వరము ప్రబలెను. అచ్చటి వైద్యుడు అలెగ్జాండర్ గోర్డన్ ఏ బాలింతకు ఎవరు పురుడు పోసిరో పట్టిక వ్రాసికొనెను. జ్వరపడిన బాలింతను చూచివచ్చిన వైద్యుడో మంత్రసానియో ముట్టిన స్త్రీలకే జ్వరము సోకుచున్నట్లు ఆ పట్టిక తెలిపెను. తానును పెక్కురకు ఈ రోగమును చేర్చినవాడనేయని 1795లో తన గ్రంథమున ఆయన దాపరికము లేక ప్రకటించెను. మంత్రసానుల పేర్లును వెల్లడించెను. ఊరివారి ఆగ్రహమునకు గురియై ఆబర్డీను విడువవలసి వచ్చెను. 1843లో అమెరికాలోని బోస్టను నగరమున ఆలివర్ వెండెల్ హోమ్స్ ఇదే మాట చెప్పగా, పేరుపొందిన ప్రసూతి వైద్యులు కొందరు దానిని త్రోసివేసిరి.

అంతలో వియన్నాలో లెక్కలే నోరు విప్పెను. ఆ నగరపు సార్వజనిక వైద్యశాలలో రెండు ప్రసూతి విభాగము లుండెను. మొదటిదానిలో వైద్యవిద్యార్థులు, రెండవదానిలో మంత్రసాని పని నేర్చు స్త్రీలు శిక్షణ పొందుచుండిరి. 1846లో మొదటి విభాగమున 4,010 మంది తల్లులలో 459 మంది మరణించిరి. అనగా నూటికి పదునొకరికి మించిరి. రెండవదానిలో 3,754 మందిలో 105 మంది. నూటికి మువ్వురైనను లేరు. మొదటి విభాగమున చేర్పవలదని గర్భిణులు మోకరిల్లి వేడుకొనుచుండిరి. త్రోవలోనే ప్రసవించి వచ్చిన తల్లులు సైతము ఆ విభాగమున ప్రసవించినవారికంటె క్షేమముగా నుండిరి.

ఆ యేడే అచ్చట సహాయక వైద్యుడుగా చేరిన హంగరీ దేశీయుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్‌కు ఈ భేదము నిద్రపట్టనీయలేదు. గాలి యొకటే, ఆహారమొకటే, జనసమ్మర్దము రెండవ విభాగముననే ఎక్కువ. మరణించుచున్నవారి కడకు గంట మ్రోయించుచు వచ్చు మతగురువును చూచి తల్లులు భయపడుచున్నారేమోయని ఆ గంటను సైతము మాన్పించి చూచెను. ఫలితము లేకపోయెను.

1847 మార్చిలో ఆయన మిత్రుడు, ఆచార్య కొల్లెచ్కా, శవపరీక్ష వేళ విద్యార్థి కత్తి వ్రేలికి గుచ్చుకొని జ్వరపడి మరణించెను. ఆయన దేహమున కనిపించిన వికారములు సూతికా జ్వరమున పోయిన తల్లుల దేహములలోనివే. దానితో సెమ్మెల్‌వైస్‌కు గుట్టు తెలిసెను. వైద్యులును విద్యార్థులును శవములను కోసిన చేతులతోనే వచ్చి గర్భిణులను పరీక్షించుచుండిరి. సబ్బుతో కడిగినను ఆ చేతుల దుర్వాసన పోకుండెను. మంత్రసాని విద్యార్థినులకు శవపరీక్షతో పనిలేదు. ఆ మే నెల మొదలు ప్రతివారును క్లోరిను సున్నపు నీటితో చేతులు కడిగికొనవలెనని ఆయన శాసించెను. 1848లో మొదటి విభాగమున 3,556 మందిలో మరణించినవారు 45 మంది మాత్రమే.

ఇంతటి ప్రత్యక్ష ప్రమాణమును సైతము పెద్దలు పెక్కుర అంగీకరింపలేదు. సూక్ష్మజీవులు రోగకారణమని ఇంకను తెలియని కాలమది. అంతకంటె, రక్షింపవచ్చిన చేయియే ప్రాణము తీసినదని ఒప్పుకొనుట ఏ వైద్యునికైనను దుర్భరము. సెమ్మెల్‌వైస్ 1850లో వియన్నా విడిచి స్వదేశమునకు పోయెను. 1861లో గాని గ్రంథము ప్రకటింపలేదు. ఎదిరించినవారిని హంతకులని నిందించి మరింత శత్రుత్వము తెచ్చుకొనెను. 1865లో పిచ్చివారి వైద్యశాలలో గాయము విషించి, నలువదియేడవ యేట కన్నుమూసెను.

1879లో పారిస్ వైద్యపరిషత్తులో లూయీ పాశ్చర్, గొలుసువలె కూడియుండు సూక్ష్మజీవులను నల్లబల్లపై గీచి, సూతికా జ్వరమునకు కారణమిదియని చూపెను. 1936లో లండనులోని క్వీన్ షార్లెట్ వైద్యశాలలో లెనార్డ్ కోల్‌బ్రుక్ ప్రాంటొసిల్ అను క్రొత్త మందుతో బాలింతల ప్రాణములు నిలిపెను. పిదప పెన్సిలిను వచ్చెను.

మందులు వచ్చినను ఆలస్యము నేటికిని ప్రాణాంతకమే. బాలింతకు జ్వరము 100.4 డిగ్రీలు దాటినను, చలి పుట్టినను, స్రావము దుర్వాసన కొట్టినను, పొత్తికడుపు నొప్పి హెచ్చినను అది పాలు పడుటవలని వెచ్చదనమేయని ఊరకుండరాదు. కాయము పెట్టి చూతమని జాగు చేయరాదు. వెంటనే వైద్యశాలకు చేర్పవలెను. రక్తము ధారగా పోయినను, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినను, మూర్ఛ వచ్చినను, ఊపిరి ఆడకపోయినను అంతే. ఈ జాగరూకత పురుటి స్నానముతో ముగియునది కాదు. ఆరు వారములు ఉండవలెను. బాలింతను తాకువారు మొదట చేతులు కడిగికొనవలెను. పురుడు పోయు వైద్యునికైనను, పలుకరింప వచ్చిన చుట్టమునకైనను ఈ నియమము సమానమే. వేలకొలది తల్లులు ప్రాణములిచ్చి నేర్పిన పాఠమిది.