ప్రపంచ పారా అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్స్: వరంగల్ జిల్లా పతకాలు

ప్రపంచ పారా అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్స్ దివ్యాంగ క్రీడాకారుల ట్రాక్, ఫీల్డ్ పోటీలు. పారాలింపిక్స్ తర్వాత వీటికే పెద్దపీట. ఈ పోటీల పతకాల జాబితాలోకి వరంగల్ జిల్లాను తెచ్చిన క్రీడాకారిణి పర్వతగిరి మండలం కల్లెడ గ్రామానికి చెందిన జీవాంజి దీప్తి. 2024 మే 20న జపాన్‌లోని కోబె నగరంలో మహిళల 400 మీటర్ల టీ20 పరుగును 55.07 సెకన్లలో ముగించి, ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. 2025లో న్యూఢిల్లీలో అదే పరుగులో రజతం సాధించింది. ఈ రెండింటికీ నడుమ పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం దక్కింది. పతకాల రంగులే చూస్తే కోబె తర్వాత ఆమె వెనకబడినట్టు అనిపిస్తుంది. సెకన్ల లెక్క తీస్తే సంగతి వేరు. ఈ వ్యాసంలో ఆ లెక్కకే ఎక్కువ చోటు ఇచ్చాం.

పోటీల పుట్టుక

మొదటి చాంపియన్‌షిప్స్ 1994లో బెర్లిన్‌లో జరిగాయి. ఆ తర్వాత బర్మింగ్‌హామ్ (1998), లీల్ (2002), ఆసెన్ (2006) నగరాల్లో నాలుగేళ్లకొకసారి నిర్వహించారు. 2011 జనవరిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ ఆతిథ్యమిచ్చింది. పోటీలు ముగిసిన నెల తిరక్కముందే వచ్చిన భూకంపంలో ఆ స్టేడియం దెబ్బతింది, తర్వాత దాన్ని కూల్చేశారు. అక్కడి నుంచి రెండేళ్లకొకసారి పద్ధతి మొదలై లియాన్ (2013), దోహా (2015), లండన్ (2017), దుబాయ్ (2019) వరుసగా వచ్చాయి. కోబె పోటీలు నిజానికి 2021లో జరగాల్సినవి. కోవిడ్ వల్ల వాయిదా పడుతూ 2024కు చేరాయి. ఈలోగా 2023లో పారిస్ పోటీలు జరిగిపోవడంతో వరుసగా మూడేళ్లు, 2023, 2024, 2025ల్లో, ప్రపంచ చాంపియన్‌షిప్స్ వచ్చిపడ్డాయి. ఏటా ఒకసారి ఒంటిని అత్యున్నత స్థాయికి తెచ్చుకోవడం, మధ్యలో పారాలింపిక్స్ కూడా పరుగెత్తడం ఆ తరం క్రీడాకారులకు తప్పలేదు. పోటీల నిర్వహణ అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ చేతిలో ఉంటుంది. ఇప్పటి పేరు 2016 చివర్లో వచ్చింది.

భారత్‌కు ఈ వేదికపై గుర్తింపు తెచ్చినవారిలో ముందు చెప్పుకోవాల్సింది రాజస్థాన్ జావెలిన్ వీరుడు దేవేంద్ర ఝఝారియా. 2013లో లియాన్‌లో ఆయన స్వర్ణం గెలిచాడు. అక్కడి నుంచి చాలాకాలం మన పతకాల్లో ఎక్కువ భాగం విసిరే పోటీలవీ, హైజంప్‌వీ. ట్రాక్ మీద పరుగెత్తి గెలిచినవారు తక్కువ. కోబెలో ఒక తెలుగమ్మాయి సాధించిన ఫలితాన్ని ఈ నేపథ్యంలో చూడాలి.

టీ20 విభాగం

పారా అథ్లెటిక్స్‌లో పోటీ పేరు వెంట ఒక అక్షరం, ఒక అంకె కనిపిస్తాయి. ‘టీ’ అంటే ట్రాక్, జంప్ పోటీలు. ‘ఎఫ్’ అంటే విసిరే పోటీలు. 11 నుంచి 13 దాకా చూపు లోపం ఉన్నవారివి, 51 నుంచి 54 దాకా చక్రాల కుర్చీలో పరుగెత్తేవారివి. 20 మేధోపరమైన లోపం ఉన్నవారిది. మిగతా విభాగాల్లో తేడా చాలావరకు కంటికి కనిపిస్తుంది. కృత్రిమ కాలు, చక్రాల కుర్చీ, చేయి పట్టుకుని వెంట పరుగెత్తే గైడ్ కనబడతారు. టీ20లో అలాంటిదేమీ ఉండదు. ఎనిమిది మంది మామూలుగా బ్లాక్స్‌లోకి వంగి, తుపాకీ పేలగానే పరుగెత్తుతారు. టీవీలో చూసేవాళ్లకు ‘వీళ్లకేం తక్కువ?’ అన్న అనుమానం వస్తుంటుంది.

ఆ అనుమానం ఒకసారి నిజమైంది కూడా. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు ఈ విభాగంలో స్వర్ణం గెలిచింది. జట్టులోని పన్నెండు మందిలో పది మందికి ఏ లోపమూ లేదని తర్వాత బయటపడింది. మోసం చేసిన ఆ పది మందికి శిక్షగా, నిజంగా మేధోపరమైన లోపం ఉన్నవాళ్లందరినీ పారాలింపిక్స్‌కు దూరం పెట్టారు. పరీక్షలు కట్టుదిట్టం చేసి 2012 లండన్‌లో మళ్లీ తలుపు తెరిచారు. ఇప్పుడు ఐక్యూ 75కు మించకూడదు, రోజువారీ పనులు నెట్టుకురావడంలో ఇబ్బంది ఉండాలి, ఆ లోపం పెద్దవయసులో కాక ఎదిగే వయసులోనే మొదలై ఉండాలి. ఈ మూడింటికీ కాగితాలు చూపాక, జ్ఞాపకశక్తి, ప్రతిస్పందన వంటివాటిని కంప్యూటర్ మీద పరీక్షిస్తారు. పరుగెత్తేటప్పుడూ గమనిస్తారు. ఎక్కడ వేగం పెంచాలి, ఎంత దాచుకోవాలి, పక్క లేన్‌లో అమ్మాయి ముందుకు పోతుంటే తొందరపడాలా వద్దా అనే నిర్ణయాల్లోనే ఈ లోపం బయటపడుతుంది. 400 మీటర్లలో ఆ నిర్ణయాలు నిమిషం కూడా పట్టని పరుగులో తీసుకోవాలి.

పారాలింపిక్స్‌లో టీ20 మహిళలకు 100, 200 మీటర్లు లేవు. స్ప్రింటర్లకు మిగిలింది 400 ఒక్కటే. 2016 రియో, 2020 టోక్యో రెండింటిలోనూ ఆ స్వర్ణం అమెరికాకు చెందిన బ్రియానా క్లార్క్‌దే. ఆమె తల్లి రోజలిన్ బ్రయంట్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 4×400 రిలే రజత పతక విజేత. టోక్యోలో 55.18 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టిన క్లార్క్, 2023లో పారిస్ ప్రపంచ పోటీల్లో దాన్ని 55.12కు తగ్గించింది. కోబెకు బయలుదేరేనాటికి దీప్తి ముందున్న అంకె అదే.

కల్లెడ నుంచి

రికార్డుల ప్రకారం దీప్తి 2003 సెప్టెంబర్ 27న పుట్టింది. తల్లిదండ్రులు యాదగిరి, ధనలక్ష్మి కూలీనాలీ చేసుకునేవారు. గ్రహణం పూట పుట్టడం వల్లే బిడ్డకు పెదవి చీలిందని, తల చిన్నదైందని ఊళ్లో అనుకునేవారని తల్లి పత్రికలకు చెప్పింది. ఆ ఏడాది సూర్యగ్రహణాలు మే 31న, నవంబర్ 23న వచ్చాయి కాబట్టి ఆ నిందకు కనీసం పంచాంగం ఆధారం కూడా లేదు. పిచ్చిది, కోతి అని పిల్లలు ఏడిపించేవారు. అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చిన పెద్దలూ ఉన్నారు. అమ్మానాన్న ఆ మాట వినలేదు. కుటుంబం గడవక ఉన్న కొద్దిపాటి పొలం అమ్ముకోవాల్సి వచ్చింది.

కల్లెడకు ఆటల్లో ఇది మొదటి పేరు కాదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో భారత మహిళల ఆర్చరీ జట్టులో ఆడిన వర్ధినేని ప్రణీత కూడా ఈ ఊరి అమ్మాయే. ఇద్దరూ ఊళ్లోని ఆర్‌డీఎఫ్ పాఠశాలలోనే చదివారు. జిల్లా కేంద్రాలకే దక్కని గౌరవం ఒక పల్లె బడికి దక్కిందంటే అక్కడి పీఈటీల శ్రమ తక్కువది కాదు. దీప్తి పరుగును మొదట పసిగట్టింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు బియాని వెంకటేశ్వర్లు. తర్వాత రాష్ట్రస్థాయి పోటీల్లో స్పోర్ట్స్ అథారిటీ కోచ్, ద్రోణాచార్య గ్రహీత నాగపురి రమేశ్ చూసి హైదరాబాద్ పంపమన్నాడు. ఆ కుటుంబానికి బస్సు చార్జీలే భారమైన రోజులవి. మొదట్లో ఆమె ఏ లోపమూ లేనివారితోనే పోటీపడింది. సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సంస్థలో పరీక్ష చేయించి చూడమని బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ సూచించడంతో దారి పారా అథ్లెటిక్స్ వైపు మళ్లింది. ధ్రువీకరణ పత్రం చేతికొచ్చాక అంతర్జాతీయ వర్గీకరణ పరీక్షల తంతు మరొకటి ఉంటుంది. విదేశాలకు వెళ్లి అదీ పూర్తి చేసుకుంది.

చైనాలోని హాంగ్‌జౌలో 2023 అక్టోబర్‌లో జరిగిన ఆసియా పారా క్రీడల్లో 56.69 సెకన్లతో స్వర్ణం గెలిచింది. ఆ బహుమతి సొమ్ముతో అమ్ముకున్న పొలాన్ని మళ్లీ కొనుక్కున్నారు.

కోబె, 2024

కోబె పోటీలు మే 17 నుంచి 25 వరకు యూనివర్సియేడ్ మెమోరియల్ స్టేడియంలో జరిగాయి. తూర్పు ఆసియాకు ఈ చాంపియన్‌షిప్స్ రావడం అదే మొదలు. ఆదివారం హీట్స్‌లో దీప్తి 56.18 సెకన్లతో ఆసియా రికార్డు తిరగరాసి ఫైనల్ చేరింది. మర్నాడు, సోమవారం, ఫైనల్.

400 మీటర్లు స్ప్రింట్లలోకెల్లా కఠినమైనది. మొదటి వంపు, ఎదురు స్ట్రెయిట్ ఉత్సాహంతో గడిచిపోతాయి. మూడు వందలు దాటాక తొడలు బిగుసుకుపోతాయి, మోకాళ్లు పైకి లేవవు. చివరి వంద మీటర్లలో ఎవరూ వేగం పెంచరు. తక్కువ నెమ్మదించినవాళ్లు గెలుస్తారు. తుర్కియే అమ్మాయి ఐసెల్ ఓందెర్ గీత దాకా వదలకుండా వెంట వచ్చింది. దీప్తి 55.07, ఓందెర్ 55.19. ఆ వేగంలో పన్నెండు వందోవంతుల సెకను మీటరు కూడా కాదు. క్లార్క్ రికార్డు 0.05 సెకన్ల తేడాతో చెరిగిపోయింది. ఆ పోటీల్లో భారత్‌కు అదే మొదటి స్వర్ణం.

మూడో స్థానం ఈక్వడార్‌కు చెందిన లిజాన్షెలా అంగులోది, 56.68. ఏడు నెలల కిందట హాంగ్‌జౌలో స్వర్ణం తెచ్చిన 56.69తోనే దీప్తి ఇక్కడా పరుగెత్తి ఉంటే రజతం కూడా వందోవంతు సెకనులో చేజారేది. ఆ ఏడు నెలల్లో ఆమె తగ్గించుకున్నది 1.62 సెకన్లు. దూరంలో చెప్పాలంటే పాత దీప్తి కంటే కొత్త దీప్తి పదకొండు మీటర్లకు పైగా ముందుంది.

కోబెలో మన మిగతా స్వర్ణాలు సుమిత్ అంటిల్ (జావెలిన్ ఎఫ్64), మరియప్పన్ తంగవేలు (హైజంప్ టీ63), ఏక్తా భ్యాన్ (క్లబ్ త్రో ఎఫ్51), సచిన్ ఖిలారి (షాట్‌పుట్ ఎఫ్46), సిమ్రన్ శర్మ (200 మీటర్లు టీ12) గెలిచినవి. మొత్తం 6 స్వర్ణాలు, 5 రజతాలు, 6 కాంస్యాలతో భారత్ ఆరో స్థానంలో నిలిచింది. 2019 దుబాయ్‌లో మనకు వచ్చినవి 9, 2023 పారిస్‌లో 10. ఒక్కసారిగా 17కు చేరడం పెద్ద అంగే. చైనా 33 స్వర్ణాలతో అందనంత ఎత్తున ఉన్న మాటా నిజమే.

పారిస్ పారాలింపిక్స్

ప్రపంచ రికార్డు దీప్తి పేరిట మూడున్నర నెలలు కూడా నిలవలేదు. 2024 సెప్టెంబర్ 2న పారిస్ హీట్స్‌లో ఓందెర్ 54.96తో 55 సెకన్ల హద్దునే దాటేసింది. దీప్తి తన హీట్‌లో 55.45తో ముందు నిలిచింది. మర్నాటి ఫైనల్‌లో మాత్రం ఉక్రెయిన్‌కు చెందిన యూలియా షులియార్ 55.16తో స్వర్ణం తన్నుకుపోయింది. ఓందెర్‌కు 55.23తో రజతం, దీప్తికి 55.82తో కాంస్యం.

కోబెలో పరుగెత్తిన 55.07 పారిస్‌లో స్వర్ణానికి సరిపోయేది. హీట్స్‌లో రికార్డు బద్దలుకొట్టిన ఓందెర్‌దీ అదే కథ: ముందురోజు కాలంతోనే పరుగెత్తి ఉంటే ఆమే విజేత. ఇద్దరూ ఫైనల్‌లో హీట్ కంటే నెమ్మదించారు. వరుస రోజుల్లో రెండు 400లు పరుగెత్తిన అలసట కావచ్చు. అయినా మేధో లోపం విభాగంలో పారాలింపిక్ పతకం గెలిచిన తొలి భారత క్రీడాకారిణి దీప్తి. దేశానికి వచ్చిన 29 పతకాల్లో ఇదొకటి. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల నగదు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. 2024 సంవత్సరానికి అర్జున అవార్డు వచ్చింది.

న్యూఢిల్లీ, 2025

పన్నెండో చాంపియన్‌షిప్స్‌కు సెప్టెంబర్ 27 నుంచి అక్టోబర్ 5 వరకు ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం వేదికైంది. మొదటి రోజే, తన 22వ పుట్టినరోజు నాడు, దీప్తి 55.16 సెకన్లతో రజతం గెలిచింది. పారిస్‌లో షులియార్‌కు స్వర్ణం తెచ్చిపెట్టిన కాలం అక్షరాలా ఇదే. ఏడాది గడిచేసరికి అది రెండో స్థానానికి సరిపోయింది, ఎందుకంటే ఓందెర్ 54.51కి వెళ్లిపోయింది. స్వర్ణానికి, రజతానికి మధ్య దూరం ఇప్పుడు నాలుగున్నర మీటర్ల పైమాట. పారిస్ విజేత షులియార్ మూడో స్థానంతో సరిపెట్టుకుంది.

పోటీలు ముగిసిన రోజు లెక్క ప్రకారం భారత్‌కు 6 స్వర్ణాలు, 9 రజతాలు, 7 కాంస్యాలు, మొత్తం 22 పతకాలు వచ్చాయి. కోబె కంటే ఐదు ఎక్కువ. స్థానం మాత్రం ఆరు నుంచి పదికి దిగింది. పట్టికలో ముందు స్వర్ణాలు లెక్కేస్తారు, మనవేమో ఆరు దగ్గరే ఆగాయి, మరికొన్ని దేశాలు పెంచుకున్నాయి. బ్రెజిల్ 15 స్వర్ణాలతో మొదటి స్థానం తీసుకుంది. చైనా మొత్తం పతకాల్లో ముందున్నా 13 స్వర్ణాలతో రెండో స్థానంలో మిగిలింది.

వరంగల్ ట్రాక్

ఢిల్లీ స్టేడియం పేరుతోనే హనుమకొండలోనూ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉంది. సింథటిక్ ట్రాక్ పరిచాక 2021 సెప్టెంబర్‌లో అక్కడ 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్స్ జరిగాయి. పంజాబ్‌కు చెందిన హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించి, 2002 నుంచి సునీతా రాణి పేరిట ఉన్న జాతీయ రికార్డును ఈ ట్రాక్ మీదే చెరిపేసింది. కల్లెడ వాళ్లకు మాత్రం ఈ స్టేడియం ఇప్పుడు పొరుగు జిల్లాది. అదే ఏడాది ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండగా, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్‌గా పేర్లు మారాయి. పర్వతగిరి మండలం రూరల్‌లో ఉన్నందువల్ల దీప్తి పతకాలు వరంగల్ జిల్లా ఖాతాలో చేరాయి.