దక్కను రాతి కింద కదలికలు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమూ, అక్కడి నుంచి తార్నాక మీదుగా హబ్సిగూడ వైపు సాగే నేలా సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద నిలిచి ఉన్నాయి. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం గులాబి ఛాయతో మెరిసేదీ గ్రానైటు చలవే. ఇంత ప్రాచీనమైన రాతికి కదలిక ఉండదన్న నమ్మకం శాస్త్రజ్ఞులలో సైతం చాలాకాలం బలంగా ఉండేది. ఆ నమ్మకాన్ని కొలతలతో సరిదిద్దిన పనిలో పెద్ద భాగం, 1961లో ఏర్పడి ఇప్పుడు మెట్రో స్టేషనుకు సైతం పేరిచ్చిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థది, అంటే ఎన్‌జీఆర్‌ఐది.

1967 డిసెంబరు 11 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కోయనా ఆనకట్ట వద్ద 6.3 తీవ్రతతో భూమి కంపించి దాదాపు 180 మంది మరణించారు. జలాశయపు నీటి బరువు అడుగు రాతిని నొక్కుతుందనీ, పగుళ్లలోకి ఇంకిన నీరు భ్రంశానికి, అనగా రాతి పొరలు ఒకదాని మీద ఒకటి జారిన పగులుకు, ఇరువైపులా ఉన్న ఒరిపిడిని తగ్గిస్తుందనీ ఎన్‌జీఆర్‌ఐ పరిశోధకులు వివరించగా, వారిలో హర్ష్ గుప్తా, రస్తోగి 1976లో ఆనకట్టలకూ భూకంపాలకూ గల సంబంధంపై ఒక గ్రంథమే వెలువరించారు. నీరు భూకంపాన్ని పుట్టించదు, ఎప్పటినుంచో ఒత్తిడి పేరుకున్న భ్రంశాన్ని ముందుగా కదిలిస్తుంది. ఈ తేడాను గుర్తించడమే ఆ పరిశోధనలోని అసలైన విలువ.

కోయనా దూరమనుకున్న తెలుగువారికి 1969 ఏప్రిల్ 13 రాత్రి భద్రాచలం ప్రాంతపు భూకంపం సమాధానం చెప్పింది. గోదావరి లోయ ఒక భ్రంశ ద్రోణి. రెండు పక్కల భ్రంశాల నడుమ నేల కుంగగా ఏర్పడిన ఆ పల్లంలోనే సింగరేణి బొగ్గు పొరలు పేరుకున్నాయి.

1993 సెప్టెంబరు 30న లాతూరు జిల్లా కిల్లారి వద్ద 6.2 తీవ్రతతో వచ్చిన భూకంపం వేల ప్రాణాలను బలిగొన్నది. ఎన్‌జీఆర్‌ఐ అక్కడ 617 మీటర్ల లోతు బోరు తవ్వించినప్పుడు, 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా పారి గడ్డకట్టిన నల్లని బసాల్టు 338 మీటర్ల వరకూ దిగి, పలుచని మట్టిపొర తరువాత, తార్నాక రాతి వంటి ప్రాచీన శిలలే తగిలాయి. లావా కప్పేసిన పాత భ్రంశాలను పైనుంచి చూసి పసిగట్టడం ఎంత కష్టమో ఆ బోరు నుంచి తీసిన రాతి కడ్డీ చూపుతుంది.

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు అడవుల కింద 5.3 తీవ్రతతో నేల కదిలినప్పుడు హైదరాబాదులోనూ ఆ ప్రకంపన తెలిసింది. అదీ గోదావరి లోయదే.