ఇంటి సౌర విద్యుత్ వ్యవస్థకు సరైన ఎంసీబీ ఎంపిక

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలలో ఎండ పుష్కలంగా లభిస్తుంది. ఇండ్ల పైకప్పులపై సౌర విద్యుదుత్పత్తిని ప్రోత్సహించేందుకు కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించింది. ఒక కిలోవాట్‌కు రూ.30 వేలు, రెండు కిలోవాట్లకు రూ.60 వేలు, మూడు కిలోవాట్లు, ఆపైన రూ.78 వేల చొప్పున రాయితీని నిర్ణయించింది. ఈ వ్యవస్థ భద్రతలో ఎంసీబీగా వ్యవహరించే సర్క్యూట్ బ్రేకర్ ఎంపిక కీలకమైనది.

ఏసీ వేరు, డీసీ వేరు

సౌర ఫలకాల నుండి ఇన్వర్టర్ వరకు డీసీ విద్యుత్, ఇన్వర్టర్ నుండి మీటరు వరకు ఏసీ విద్యుత్ ప్రవహిస్తాయి. ఏసీ ప్రవాహం సెకనుకు 100 సార్లు సున్నాకు చేరుతుంది. కనుక ఎంసీబీ తెరుచుకొన్నప్పుడు లోపల పుట్టే మంట సులభంగా ఆరిపోతుంది. డీసీ ప్రవాహం సున్నాకు చేరదు. అందువల్ల ఇండ్లలో వాడే సాధారణ ఏసీ ఎంసీబీని ఫలకాల వైపు అమర్చిన పక్షంలో ఆ మంట ఆరక అగ్నిప్రమాదం సంభవించవచ్చు. డీసీ ఎంసీబీపై ధన, రుణ గుర్తులున్నచో వాటి ప్రకారమే తీగలు కలపాలి.

సామర్థ్యం లెక్కింపు

3 కిలోవాట్ల ఇన్వర్టర్ 230 వోల్టుల వద్ద సుమారు 13 ఆంపియర్లు ఇస్తుంది. దీనిని 1.25తో గుణిస్తే 16.3 వస్తుంది. కావున ఏసీ వైపు 20 ఆంపియర్ల ఎంసీబీ తగినది. 5 కిలోవాట్లకు ఇదే లెక్కన 32 ఆంపియర్లు అవసరం.

డీసీ వైపు 540 వాట్ల ఫలకాలు ఆరింటిని వరుసగా కలిపితే వోల్టేజి దాదాపు 300కు చేరుతుంది. చలి ఉదయాలలో ఇది మరికొంత పెరుగుతుంది. షార్ట్ సర్క్యూట్ ప్రవాహం సుమారు 14 ఆంపియర్లు. కనుక 500 వోల్టులు లేదా అంతకు మించిన డీసీ సామర్థ్యం గల 20 ఆంపియర్ల రెండు ధ్రువాల ఎంసీబీని ఎంచుకోవాలి. తుది నిర్ణయానికి ఫలకాలు, ఇన్వర్టర్‌లపై ముద్రించిన వివరాలే ప్రమాణం.

వేసవి జాగ్రత్తలు

గృహావసరాల ఎంసీబీల సామర్థ్యాన్ని సాధారణంగా 30 డిగ్రీల సెల్సియస్ వద్ద నిర్ణయిస్తారు. ఈ ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో ఉన్న పెట్టె లోపల వేడి ఇంకా ఎక్కువ. అప్పుడు ఎంసీబీ తక్కువ ప్రవాహానికే పడిపోతుంది. అటువంటప్పుడు పెట్టెను నీడలోకి మార్చాలి, మరలు బిగించి చూడాలి. తీగ మందాన్ని పరిశీలించకుండా అధిక ఆంపియర్ల ఎంసీబీని అమర్చరాదు. అట్లు చేసినచో ఎంసీబీ పడకముందే తీగ కాలిపోవచ్చు.

గమనించవలసిన పరిమితి

ఫలకాల షార్ట్ సర్క్యూట్ ప్రవాహం సాధారణ ప్రవాహం కంటె స్వల్పంగానే ఎక్కువ. కనుక లోపం ఏర్పడినప్పుడు డీసీ ఎంసీబీ దానంతట అదే పడిపోతుందని భావించరాదు. దానిని చేతితో ఆపివేసినా, పగటివేళ ఫలకాల నుండి ఎంసీబీ వరకు గల తీగలలో వోల్టేజి ఉంటుంది. మరమ్మతులకు, అగ్నిమాపక చర్యలకు పైకప్పు ఎక్కేవారు ఈ విషయాన్ని తప్పక గుర్తుంచుకోవాలి.