రక్తం లెక్కకొచ్చింది, మనుషులు రాలేదు
ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంలో అమెరికన్ శాస్త్రవేత్త బరూక్ బ్లంబర్గ్ 1960ల్లో హెపటైటిస్-బి జాడ కనిపెట్టాడు. కాలేయ క్యాన్సర్‌కి ఈ వైరస్ పెద్ద కారణం. 1976లో ఆయనకి నోబెల్ వచ్చింది. అదే ఆదివాసుల్ని దేశ జనాభా సంఖ్యలో కలపకూడదని ఆస్ట్రేలియా రాజ్యాంగం 1967 దాకా చెప్పింది.

1981లో టీకా వచ్చింది. అయినా ఇవాళ్టికీ అక్కడి ఆదివాసులకి కాలేయ క్యాన్సర్ ఇతరులకంటే రెట్టింపుకు మించి వస్తోంది. కణితి చిన్నగా ఉన్నప్పుడే తీసేస్తే బతకొచ్చు. కానీ ఆపరేషన్ చేసే ఆస్పత్రులు మహానగరాల్లో ఉన్నాయి. మారుమూల పల్లెల వాళ్లకి జబ్బు బయటపడేసరికే ఆలస్యమైపోతుంది.

తప్పు వాళ్ల రక్తానిదంటే మేం ఒప్పుకోం. పరీక్ష, టీకా, వైద్యం అందే వరసలో వాళ్లని ఎక్కడ నిలబెట్టారన్నదే ప్రశ్న. మైనారిటీలుగా మేం అడిగేదీ అదే: లెక్కలో చేర్చుకుంటే చాలదు, మా వంతూ మాకు అందాలి.